ఆకురాయి పెట్టడం

పదకోశం ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది, రెండే రెండు ఉత్తరాలు రాశావు. ఆ రెండింట్లోనూ కుశలం తప్ప ఇంకో ముక్క లేదు. నువ్వు పుట్టినప్పటి నుంచీ నోరు మూసుకుని కూర్చున్నది జ్వరం వచ్చిన రోజుల్లోనే. కాబట్టి నీకు జ్వరమైనా వచ్చుండాలి, లేకపోతే కబుర్లన్నీ అక్కడి ఫిట్టర్లకే ఖర్చుపెట్టేసి నాకేం మిగల్చకుండా అయినా ఉండాలి. రెండోదే అయ్యుంటుందని సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు నీతో పని పడింది. మా పదకోశంలో పనిముట్ల పేర్లన్నీ తెచ్చి నా నెత్తిన పెట్టారు. సుత్తి, ఉలి, రంపం, పట్టకారు, ఒక్కో మాటకీ ఒక్కో కార్డు. కార్డు మీద ఐదు గళ్ళు: మాట, అర్థం, పుట్టుక, వాడిన వాక్యం, చెప్పినవారు. వీటిల్లో ఏది ఖాళీగా ఉన్నా మా సంపాదకుడుగారు ఆ కార్డుని చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకొచ్చి నా బల్ల మీద పడేస్తారు. మాటైతే అనరు. అనుంటే బాగుండేది.

నిన్న ‘ఆకురాయి’ దగ్గర ఆగిపోయాను. ఇనుముని అరగదీసే పనిముట్టు. అదీ ఉక్కే. మరి అందులో ఆకేమిటి, రాయేమిటి? చిన్నప్పటి నుంచీ వింటున్న మాట, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనుమానం రానందుకు సిగ్గేసింది. నీ చేతిలో రోజంతా ఉండేది అదే కదా. అక్కడ దాన్ని ఏమంటారు, ఎవరు ఏ సందర్భంలో అంటారు, అచ్చంగా వాళ్ళ నోటి మాటల్లోనే రాసి పంపు. నీ సొంత కవిత్వం కలపకు.

వేళకి తిను.

నీ అక్క

•

వర్క్‌షాపు వెనక వీధి, మేడ మీది గది
జూన్ 11

అక్కా,

జ్వరం రాలేదు. చేతులు వాచాయి, అందుకే రాయలేదు. ఇప్పుడు కాయలు కాచాయి కాబట్టి నిశ్చింతగా కబుర్లు చెప్పొచ్చు.

ముందు నీ సందేహం. ఇక్కడ మా వయసు వాళ్ళంతా ‘ఫైలు’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మీ ఆఫీసు గుర్తొస్తుంది. మీ ఫైలు కదలదు, మా ఫైలు కదిలితే గాని పని జరగదు, తేడా అంతే. ‘ఆకురాయి’ అనేది ఒక్క పెద్దాయనే. ఆయన మూడో బల్ల, నాది నాలుగోది. అందరూ పెద్దాయనా అనే పిలుస్తారు, నేనూ అంతే. మెడలో దారం కట్టిన కళ్ళద్దాలు, చెవుల్లో దూది, పని మొదలెట్టే ముందు ఆకురాయి పళ్ళని ఇత్తడి బ్రష్షుతో తోమడం. ‘దీని పళ్ళు తోమాకే మన పళ్ళు’ అంటారు.

నీ ప్రశ్న ఆయన్నే అడిగాను. వెనకటికి కొయ్యని గరుకు ఆకుతో రుద్దేవారట, ఇనుముని రాతితో రుద్దేవారట. తర్వాత రెండు పనులూ చేసే ఉక్కు పలక వచ్చాక రెండు పేర్లూ దానికే కట్టబెట్టారట. ‘నిజమేనా పెద్దాయనా’ అంటే ‘నేనేమైనా అప్పుడున్నానా’ అన్నారు. ఈ వాక్యం కూడా కార్డు మీద రాసుకో.

మాది పొడుగాటి రేకుల షెడ్డు, ఏడు బల్లలు. పెద్ద పెద్ద కట్టడాల దగ్గర బరువులెత్తే కొక్కేలు ఇక్కడికి మరమ్మతుకి వస్తాయి. వెంట్రుకంత పగులున్నవి కూడా మేం నున్నగా అరగదీసి, రంగేసి పంపిస్తే ఎక్కడ పగిలిందో మాకే తెలీదు. నా చేతిలో పనితనం ఉందని ఫోర్‌మన్ అన్నాడు. ఆయన్ని చాటున అందరూ మెత్తనయ్య అంటారు. ఎప్పుడూ గొంతు పెంచడు. ఆయన దగ్గరికొస్తే మాత్రం మిగతా గొంతులన్నీ తగ్గిపోతాయి.

నీకో కొసరు. ఫైలు అనే కుర్రాళ్ళు కూడా ఒక్క మాటలో మాత్రం ఆకురాయే అంటారు. మొన్న ఆరో బల్ల అతను రాలేదు. ఏడీ అని అడిగితే పక్కవాడు ‘అతనికి ఆకురాయి పెట్టారు’ అన్నాడు. అంటే ఏంటన్నాను. వాడు నోరు జారినట్టు తల వంచేసి, ఇనుప ముక్కని కదలకుండా పట్టే వైసు బిగించడం మొదలుపెట్టాడు. బిగించడానికి అందులో ఏమీ లేదక్కా, ఖాళీ వైసు.

తమ్ముడు

•

పదకోశం ఆఫీసు
జూన్ 18

ఒరేయ్ బంగారం,

కొసరు అన్నావు గానీ అసలుదే అది! ‘అతనికి ఆకురాయి పెట్టారు.’ నాలుగు పాత నిఘంటువులు తిరగేశాను, ఎక్కడా లేదు. పనిముట్టు పేరు నోళ్ళలోంచి జారిపోతున్నా ఒక్క పలుకుబడిలో మాత్రం బతికి ఉండటం, అదీ ఒక్క షెడ్డులో! ఇలాంటిది దొరకాలంటే జీవితంలో ఒక్కసారి దొరుకుతుంది. మా సంపాదకుడుగారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం నేను చూడటం ఇదే మొదలు.

ఇక అసలు మాట పుట్టుక గురించి ఆయనకీ నాకూ రెండు రోజులుగా యుద్ధం. ఆయనేమో రాయి అంటే బండరాయే అంటారు. నేను కాదంటాను. ఒంటికి నూనె రాస్తాం, దూడ గోడకి మెడ రాసుకుంటుంది. రాయడమంటే రుద్దడమే కదా, ఆకులాంటి పలకతో రుద్దేది కాబట్టి ఆకురాయి. ‘నీకు ఆధారం ఉందా’ అంటారు ఆయన. ‘మీకుందా’ అంటాను నేను. అక్కడికి టీ వేళవుతుంది.

నువ్వు ఆ పలుకుబడి సంగతి తేల్చు. ఆకురాయి పెట్టడమంటే ఉద్యోగం తీసేయడమా, బదిలీయా, తిట్టడమా, కొట్టడమా? మొదట ఎవరన్నారు, ఎందుకన్నారు? మీ పెద్దాయనకి తెలియకుండా ఉండదు. మెల్లిగా అడుగు, నీకు అడగడం నేర్పాలా!

ఖాళీ వైసు ఎందుకు బిగించాడో నాకూ అర్థం కాలేదు. మాట మాత్రం చాలా బాగుంది.

నీ అక్క

•

మేడ మీది గది
జూన్ 29

అక్కా,

ఇది చదివి చింపెయ్యి. నా పేరు ఎక్కడా రాయొద్దు. ముందు ఆ మాటివ్వు, తర్వాత చదువు.

ఇద్దర్ని అడిగాను. ఒకడు నవ్వేసి వెళ్ళిపోయాడు, ఇంకొకడు ‘నీకెందుకు’ అన్నాడు. పెద్దాయన రెండు రోజులు వినబడనట్టే ఉన్నారు. చెవుల్లో దూది ఉంది కదా, నిజంగానే వినబడలేదేమో అనుకున్నాను. నిన్న మధ్యాహ్నం భోజనాల వేళ చేతులు కడుక్కునే చోటికి నన్ను రమ్మని సైగ చేశారు. అక్కడ మూడు కుళాయిలున్నాయి. మూడూ తిప్పేశారు. ఆ నీళ్ళ చప్పుడులో చెప్పారు.

మా అందరికీ పేరు కొట్టిన ఇత్తడి బిళ్ళలుంటాయి. పొద్దున రాగానే గోడ మీద ఎవరి మేకుకి వాళ్ళు తగిలించాలి. పదేళ్ళ కిందట నాలుగో బల్ల ఫిట్టరు చేతికి పగిలిన కొక్కెం వచ్చిందట. పైన అరగదీస్తే పగులు కనబడదు గాని లోపల అలాగే ఉంటుంది, బరువెత్తినప్పుడు మనుషుల మీద పడుతుంది, దీన్ని ముక్కలు కోసి పారెయ్యాల్సిందే, మీరు పారెయ్యకపోతే నేను తనిఖీవాళ్ళకి చెబుతాను అన్నాడట. మర్నాడు రాలేదు. మూడో రోజు మెత్తనయ్య అతని బిళ్ళ తెచ్చి పెద్దాయన బల్ల మీద పెట్టి, ‘దీనికి కాస్త ఆకురాయి పెట్టండి’ అన్నాడట. పేరు అరగదీశాక కొత్తవాడి పేరు కొట్టించి అదే మేకుకి తగిలించారు. హాజరు పుస్తకం కూడా కొత్తది వచ్చింది. అతని గది చూడబోతే ఖాళీ. ఎక్కడికెళ్ళాడని పెద్దాయన ఆఫీసులో అడిగితే, ‘ఎవరు?’ అన్నారట.

ఆ మాట పుట్టింది అలాగక్కా. ఎంత మర్యాదగా పుట్టిందో చూడు.

తర్వాత ఇంకో నలుగురు. అన్ని బిళ్ళలూ అరగదీసింది పెద్దాయనే. ‘నాకు ఎదురు చెప్పే ధైర్యం లేకపోయిందిరా అబ్బాయ్, ఇన్నేళ్ళకి నీకొక్కడికే చెబుతున్నా’ అన్నారు. చెబుతున్నంతసేపూ చేతులు కడుక్కుంటూనే ఉన్నారు.

సాయంత్రం నా బిళ్ళ తీసి పక్కవాడి బిళ్ళతో పోల్చి చూశాను. నాలుగో బల్లది కదా. వాడిదాంట్లో సగం మందం కూడా లేదు.

నాకు భయంగా ఉంది. మానేసి వచ్చేద్దామంటే, ఉన్నట్టుండి మానేస్తే ఎందుకు మానేశావని వెతుక్కుంటూ వస్తారు, కొన్నాళ్ళు తల వంచుకుని పని చెయ్యి అన్నారు పెద్దాయన. అలాగే చేస్తాను. చింపెయ్యి.

తమ్ముడు

•

పదకోశం ఆఫీసు
జులై 7

తమ్ముడూ,

చదివాను. చింపమన్నావు, చింపాను. నువ్వు ఉత్తరం చివర ఎంత భయపడ్డావో నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఒక్కసారి నిదానంగా ఆలోచించు. కొత్తగా వచ్చినవాళ్ళని భయపెట్టడానికి పాతవాళ్ళు ఇలాంటివి చెబుతూనే ఉంటారు. మా ఆఫీసులో నేను చేరిన కొత్తలో, బీరువా కింద నలిగి చచ్చిన గుమాస్తా కథ నాకూ చెప్పారు. ఆరు నెలలు ఆ బీరువా తెరవలేదు నేను. బిళ్ళలు అరిగిపోవడం, వాటి మీద పేర్లు మార్చడం ఏ వర్క్‌షాపులోనైనా ఉండేదే.

అయినా నీ మాట తీసెయ్యలేదు. నీ పేరు ఎక్కడా లేదు, ఒట్టు. నీకూ మాకూ సంబంధం ఉందని తెలిసే అక్షరం కూడా లేదు. చింపే ముందు కార్డు మాత్రం రాసుకున్నాను. మాట: ఆకురాయి పెట్టడం. అర్థం: ఒక వ్యక్తి ఉన్న ఆనవాళ్ళు లేకుండా చేయడం. పుట్టుక: పేరు కొట్టిన బిళ్ళను అరగదీయడం నుంచి. ‘చెప్పినవారు’ ఖాళీగా వదిలితే కార్డు వెనక్కొస్తుంది కదా, అందుకని అక్కడ ‘మూడో బల్ల పెద్ద ఫిట్టరు’ అని రాశాను. పేరు రాయలేదు, నాకు తెలియదు కూడా. 

సంపాదకుడుగారు రెండుసార్లు చదివారు. తర్వాత సంతకం పెట్టేశారు. ఇలాంటి కొత్త పలుకుబడికి ధ్రువీకరణ కావాలి, అది మా రూలు. కార్డుకి నకలు తీసి, ‘మీ దగ్గర ఈ మాట ఈ అర్థంలో వాడుకలో ఉన్నదా’ అని మీ వర్క్‌షాపు ఆఫీసుకి నిన్ననే పోస్టు చేయించాను. ఉన్నది, లేదు, ఏదో ఒకటి టిక్కు పెట్టి పంపిస్తే చాలు. అచ్చులో వచ్చాక ఒక కాపీ మీ పెద్దాయనకి నేనే పంపిస్తాను. సంతోషిస్తారు.

ధైర్యంగా ఉండు.

నీ అక్క

•

మేడ మీది గది
జులై 12

అక్కా, ఎంత పని చేశావు!

నా పేరు లేదు సరే, ఆయన బల్ల నెంబరు రాశావే! మూడో బల్ల పెద్ద ఫిట్టరు అంటే ఈ షెడ్డులో ఇంకెవరుంటారు? అది పేరు కంటే ఎక్కువ!

ఎలాగైనా వెనక్కి తెప్పించు. పోస్టాఫీసులో అడుగు, దారిలో ఎక్కడైనా ఆపగలరేమో. మా ఆఫీసుకి వచ్చే ఉత్తరాలన్నీ ముందు మెత్తనయ్యే విప్పుతాడు. ఇవాళ ఆయన నా బల్ల పక్కనుంచి వెళ్తూ ‘పని బాగుందా బాబూ’ అన్నాడు. రోజూ అనేదే. ఇవాళ నేను అరగదీసిన కొక్కేన్నే మళ్ళీ అరగదీశాను.

పెద్దాయనకి ఎలా చెప్పను? నీకొక్కడికే అన్నారు. ఆయన పలకరిస్తే పని గురించే ఏదో అడిగి తప్పించుకుంటున్నాను.

వెంటనే రాయి.

•

పదకోశం ఆఫీసు
జులై 17

తమ్ముడూ,

పోస్టాఫీసుకి పరిగెత్తాను. అది చేరిపోయి నాలుగు రోజులైందని రసీదు చూపించారు. అక్కడే కౌంటరు దగ్గర నిలబడి మీ ఆఫీసుకి ఇంకో ఉత్తరం రాసి పడేశాను. ఫలానా కార్డు పొరపాటున వచ్చింది, చదవనక్కర్లేదు, దయచేసి తిప్పి పంపండి అని. డబ్బాలో వేశాక తట్టింది. చదవొద్దని రాస్తే చదవనివాడెవడు? నా తెలివి తెల్లారినట్టే ఉంది. రెండోసారి కూడా నేనే వేలు పెట్టి చూపించాను.

నీ ఉత్తరంలో భయం ఉందని నాకు ముందే తెలుసు. మాట కోసం ఆశపడి దాన్ని కథగా తీసిపారేశాను. అది నా తప్పు, పూర్తిగా నా తప్పు.

ఇప్పుడు ఒక్కటే పని. ఆయనకి చెప్పు. ఇవాళే, ఈ ఉత్తరం చేతిలో పడ్డ గంటలోనే చెప్పు. కోప్పడితే పడనీ, తిడితే తిట్టనీ. ఏదో ఊరికి వెళ్ళిపోయి కొన్నాళ్ళు ఉండమను. కావాలంటే మా ఇంటికి రమ్మను, ముందు గది ఖాళీ చేయించాను. మీ బావతో కూడా చెప్పాను. నువ్వూ ఆయనతో బయలుదేరు. చెప్పావని ఒక్క ముక్క రాయి చాలు.

నీ అక్క

•

మేడ మీది గది
జులై 25

ప్రియమైన అక్కకి,

నేను క్షేమం. నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను. నువ్వు అనవసరంగా కంగారుపడుతున్నావు. ఆ కార్డు సంగతి ఇక్కడ అందరూ చూసి నవ్వుకున్నారు. ఫోర్‌మన్‌గారు కూడా నవ్వారు. అలాంటి మాట ఇక్కడ లేదు, ఎవరో సరదాకి అన్నారని తేలిపోయింది.

పని బాగా జరుగుతోంది. కొత్త ఫైళ్ళు వచ్చాయి. నాకు ఒక పెద్ద ఫైలు, రెండు చిన్న ఫైళ్ళు ఇచ్చారు. ఫైలు పట్టడంలో నాకు మంచి అనుభవం వచ్చిందని ఫోర్‌మన్‌గారు అన్నారు. ఎండలు తగ్గాయి. రాత్రుళ్ళు బాగా నిద్ర పడుతోంది.

ఇకమీదట ఆఫీసు అడ్రసుకి ఏమీ రాయవద్దు. ఆ మాట గురించి కూడా రాయవద్దు. బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు

•

ఇంటి దగ్గర, ముందు గది
ఆగస్టు 2

ఒరేయ్,

ఈ ఉత్తరం రాసింది నువ్వేనా? చేతిరాత నీదే. ‘ప్రియమైన అక్కకి’ అని నువ్వు జన్మలో రాయలేదు. మీ బావని ‘బావగారూ’ అని పెళ్ళిపీటల మీద కూడా అనలేదు, ఆయన్ని నువ్వు పిలిచేది ఏమిటో నేను కాగితం మీద పెట్టలేను. ఇంత చిన్న ఉత్తరంలో ఫైలు అని నాలుగుసార్లు రాశావు, ఆకురాయి అని ఒక్కసారి కూడా రాయలేదు. మాటల మీద బతికేదాన్నిరా నేను, నన్ను మాటలతో మోసం చేయలేవు. పక్కన ఎవరైనా నిలబడి రాయించారా? లేక నువ్వే నీ పక్కన నిలబడి రాయించుకున్నావా?

ఇవాళ ధ్రువీకరణ పత్రం తిరిగొచ్చింది. చక్కటి చేతిరాత, కొట్టివేతలు లేవు. ‘ఈ మాట ఈ అర్థంలో మా వద్ద వాడుకలో లేదు. మూడో బల్ల అనేది మా షెడ్డులో లేదు. పెద్ద ఫిట్టరు అనే వ్యక్తి మా వద్ద ఏనాడూ పనిచేయలేదు.’ కింద సంతకం, ముద్ర. సంపాదకుడుగారు అది చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కార్డుని ఆయన తన సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు.

నేను అడిగింది ఒక్కటే. ఆయనకి చెప్పావా లేదా? ఆ ముక్కకి నీ ఉత్తరంలో జవాబు లేదు. ఆయన ఎలా ఉన్నారు? నిజం రాయి. ఎంత చెడ్డదైనా సరే రాయి, నేను నీ అక్కని.

•

మేడ మీది గది
ఆగస్టు 9

అక్కా,

చెప్పలేదు.

నీ ఉత్తరం అందిన రోజు పొద్దున ఆయన నాకు ఎడం చేత్తో ఆకురాయి ఎలా పట్టాలో చూపిస్తున్నారు. మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. మధ్యాహ్నం కుళాయిల దగ్గరికి వెళ్ళబోతుంటే మెత్తనయ్య తన గదికి పిలిచాడు. కుర్చీ వేయించాడు, టీ ఇచ్చాడు. బల్ల మీద నీ కార్డు నకలు, పక్కన నీ రెండో ఉత్తరం. ‘అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయో చూడు బాబూ, ఎవరో బాగా చదువుకున్నావిడ’ అన్నాడు. నువ్వు నా అక్కవని ఆయనకి తెలుసో తెలీదో ఇప్పటికీ నాకు తెలీదు. నేను అడగలేను కదా.

‘ఇక్కడ పెద్ద ఫిట్టరు అని ఉంది. ఆయన పెద్దవాడు, పాపం, ఆయన మీద అభాండం వేయడం నాకు ఇష్టం లేదు. నువ్వు పక్క బల్ల. ఇలాంటివి ఆయన మాట్లాడగా నువ్వు విన్నావా? వినలేదంటే ఇంకెవరో మాట్లాడుతున్నారన్నమాట, వెతుక్కుంటాను’ అన్నాడు. అంత మెత్తగానే అన్నాడు. టీ చల్లారుతుంది తాగమన్నాడు.

నేను తల ఊపానక్కా. విన్నానన్నట్టు. ఒక్కసారే ఊపాను. నోటితో ఏమీ అనలేదు. అనలేదన్న మాట నాకు నేనే రోజూ చెప్పుకుంటున్నాను.

సాయంత్రం ఆయన వెళ్తూ ‘సోమవారం కుడిచేతి పట్టు చూద్దాం’ అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. గేటు దాకా ఆయన పక్కనే నడిచాను. వాన వచ్చేలా ఉందని మాత్రం చెప్పాను.

సోమవారం రాలేదు. మంగళవారం పొద్దున నేను వచ్చేసరికి మూడో బల్ల ఉన్నచోట నేల మీద నాలుగు బోల్టు గుంటలున్నాయి. వాటిని సిమెంటుతో పూడ్చారు, ఇంకా తడిగా ఉంది. ఒకటి, రెండు, నాలుగు, అలా ఉన్నాయి ఇప్పుడు బల్లలు. ఎవరూ ఏమీ అడగలేదు. బుధవారం మెత్తనయ్య నా బల్ల దగ్గర ఆగి ఒక బిళ్ళ పెట్టాడు. ‘దీనికి కాస్త ఆకురాయి పెట్టు బాబూ’ అన్నాడు. పక్కనే నిలబడ్డాడు.

పెట్టాను.

ఆ తర్వాతే నీకు ఫైలు ఫైలు అని రాశాను. ఆ రెండో మాట రాయడానికి చెయ్యి రాలేదు. అదే రోజు పగులున్న కొక్కెం ఒకటి కూడా అరగదీశాను, అది ఇప్పుడు ఎక్కడో మనుషుల నెత్తి మీద వేలాడుతూ ఉంటుంది. నాకు నా మీద అసహ్యంగా ఉంది. ఇంతకంటే ఎలా చెప్పాలో తెలీదు.

తమ్ముడు

•

ఇంటి దగ్గర
ఆగస్టు 20

తమ్ముడూ,

నీ మీద కోపంగా ఉంది. దాచను. నా మీద ఇంకా ఎక్కువ కోపంగా ఉంది. ఆయన్ని కాగితం మీద పెట్టింది నేను, తల ఊపింది నువ్వు. ఇద్దరం కలిసి చేశాం ఈ పని. పంచుకుంటే తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గడం లేదు.

ఏడుస్తూ కూర్చోలేదు. ముందు పోలీసు స్టేషనుకి వెళ్ళాను. మనిషి తప్పిపోయాడని చెబితే కానిస్టేబులు పుస్తకం తెరిచి పేరు చెప్పమన్నాడు. పెద్దాయన అన్నాను. ఎవరి పెద్దాయన అన్నాడు. ఫిట్టరు, కళ్ళద్దాలకి దారం, చెవుల్లో దూది అని చెప్పాను. ‘పేరు లేని మనిషి తప్పిపోవడమేమిటమ్మా’ అని పుస్తకం మూసేశాడు. వెనకాల బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు.

అక్కడి నుంచి తనిఖీ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఒకావిడ, నా వయసే ఉంటుంది, మొత్తం విన్నది. మధ్యలో ఒక్కసారి లేచి తలుపు వేసొచ్చింది. కొక్కేల విషయం నువ్వు వచ్చి సంతకం పెడితే చాలట. ఆయన విషయం మాత్రం పేరు కావాలంది. పేరుంటే ఆసుపత్రుల్లో, రైలు రిజర్వేషన్లలో, పాత రికార్డుల్లో ఎక్కడో అక్కడ దొరుకుతాడు. ఆ షెడ్డు గోడలు దాటి ఆయన పేరు ఇంకెక్కడో రాసి ఉండి తీరుతుంది, అక్కడ వాళ్ళ ఆకురాయి పనిచేయదు అంది. ఆ ఒక్క పేరు దొరికితే మిగతా ఐదుగురివీ తవ్వొచ్చట. ఆయన బతికుంటే వెతకడానికైనా, లేకపోతే ఎవరినైనా నిలదీయడానికైనా పేరే కావాలి.

అర్జీ రాసేశాను. నాలుగు పేజీలు. ఒక్క గడి ఖాళీగా ఉంది.

ఆయన గది ఎక్కడో కనుక్కుని వెళ్ళు, ఇంటివాళ్ళని అడుగు. ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. పేరు తీసుకుని దొరికిన మొదటి బస్సు ఎక్కు. బట్టలు, పెట్టె అన్నీ వదిలెయ్యి. నువ్వు వస్తే చాలు. వచ్చేలోగా పేరు ఒక్కటి రాసి పోస్టులో వెయ్యి.

నీ అక్క

•

మేడ మీది గది
ఆగస్టు 27

అక్కా,

రేపు పొద్దున బస్సు. సంతకం పెడతాను, ఎన్నిచోట్ల కావాలంటే అన్నిచోట్ల.

ఆయన గదికి వెళ్ళాను. తాళం లేదు, సామానూ లేదు, గోడలకి కొత్త సున్నం. ఇంటావిడ ‘తాతగారు’ అని పిలిచేదట, అంతకు మించి తెలియదంది. వీధి చివర టీ కొట్టతను ‘కళ్ళద్దాలాయన’ అన్నాడు. మా షెడ్డులో ఆయనతో పదిహేనేళ్ళు పనిచేసిన రెండో బల్ల అతన్ని బయట పట్టుకుని బతిమాలాను. ‘పెద్దాయన్ని పెద్దాయన అనే పిలిచేవాళ్ళం’ అన్నాడు. నిజంగానే తెలీదు అతనికి, భయపడి అన్నది కాదు. హాజరు పుస్తకం ఈసారీ కొత్తది వచ్చింది, ఇక ఆయన పేరు మాకు కనబడేలా రాసున్నది ఆ బిళ్ళ మీద ఒక్కచోటే. రోజూ పొద్దున ఆయన తగిలించేవారు, మేమెవ్వరం ఎప్పుడూ చూడలేదు.

ఆ బుధవారం అది నా చేతిలో ఉంది. పేరు పైకే ఉండేలా పెట్టాడు మెత్తనయ్య. చదివితే నా చెయ్యి కదలదని నాకు తెలుసు. అందుకని వైసులో బిగించేటప్పుడు కిటికీ వైపు చూశాను. అయిపోయేదాకా అటే చూశాను. అక్షరాలు ఎన్నున్నాయో కూడా నాకు తెలీదక్కా.